నిద్ర లేచింది, నెట్ మరిచింది

కునుకు తీసి లేచిన కంప్యూటర్ నెట్‌వర్క్‌ను అందుకోలేకపోవడం చిన్న రోగమే. దాన్ని పెద్ద రోగమని పొరబడితేనే ఖర్చు. ఇంటికంతటికీ ఒకే కంప్యూటర్ ఉండే భిలాయి క్యాంప్ 2 లాంటి చోట్ల ఆ పొరపాటు మరీ భారం.

తెర మీద అంతా మామూలుగానే ఉంటుంది. సగం నింపిన దరఖాస్తు ఎక్కడ ఆపారో అక్కడే కనిపిస్తుంది. మౌస్ కదులుతుంది, గడియారం సరైన సమయమే చూపుతుంది. 'సబ్మిట్' మీద నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. కింది మూలన వైఫై గుర్తు మాయమై దాని స్థానంలో భూగోళం బొమ్మ ప్రత్యక్షమవుతుంది. భోజనానికి లేచేదాకా చక్కగా పనిచేసిన యంత్రం, గంటసేపు నిద్రపోయి లేచేసరికి బయటి ప్రపంచంతో సంబంధం తెంచుకుంది. దరఖాస్తుకు ఆఖరు తేదీ ఆ రోజే అయితే ఇక ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

ఇది ఏ ఊళ్లోనైనా జరిగేదే. కానీ ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు పట్టణం భిలాయిలో దీనికి ప్రత్యేకమైన బరువుంది. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందంతో ఇక్కడి ఉక్కు కర్మాగారానికి బీజం పడింది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. కర్మాగారం కట్టే రోజుల్లో పనివాళ్ల కోసం వెలసిన క్యాంపుల పేర్లే తర్వాత పేటల పేర్లుగా స్థిరపడ్డాయి. పవర్‌హౌస్ ప్రాంతంలోని క్యాంప్ 2 అలాంటిదే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి పార్వతీపురం, రాయగడల మీదుగా రైలెక్కి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో భిలాయిలో పాతుకుపోయాయి. ఇప్పుడక్కడ మూడో తరం నడుస్తోంది. తాతది కొలిమి పని, మనవడిది కీబోర్డు పని. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, తెర మీద ఇంగ్లిష్.

ఆ తెర మీదే ఇప్పుడు బతుకు వ్యవహారాలన్నీ సాగుతున్నాయి. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షల కోచింగ్‌కు భిలాయి పెట్టింది పేరు. జేఈఈ దరఖాస్తు నుంచి ఫలితం దాకా అన్నీ ఆన్‌లైన్‌లోనే. రాష్ట్ర ప్రభుత్వ నియామక పరీక్షల దరఖాస్తులూ అంతే. సంక్రాంతికి ఊరెళ్లాలంటే రైలు టికెట్టు, రిటైరైన పెద్దాయనకు పెన్షన్ ఆగకుండా ఉండాలంటే లైఫ్ సర్టిఫికెట్, కరెంటు బిల్లు, ఫీజు రసీదు... దేనికైనా ముందు నెట్ ఉండాలి. ఆధునికీకరించిన కర్మాగారాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2018 జూన్ 14న భిలాయిలో జాతికి అంకితం చేసిన సభలోనే, గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ వేసే భారత్‌నెట్ పథకం రెండో దశకూ శ్రీకారం చుట్టారు. ఐఐటీ భిలాయికి పునాదిరాయి పడిందీ ఆ రోజే. ఉక్కు, నెట్‌వర్క్ ఒకే వేదిక మీదికి వచ్చిన సందర్భమది. ఫైబర్ గుమ్మం దాకా వచ్చినా, గుమ్మం నుంచి కంప్యూటర్ లోపలి చిన్న చిప్పు దాకా ఉన్న ఆ చివరి మూరెడు దూరంలోనే అసలు తంటా అంతా.

కునుకు వెనక కథ

కంప్యూటర్‌కు నిద్ర నేర్పింది విద్యుత్ పొదుపు ఆలోచన. అమెరికా పర్యావరణ సంస్థ 1992లో ఎనర్జీ స్టార్ ముద్రను ప్రవేశపెట్టినప్పుడు మొదట గురిపెట్టింది కంప్యూటర్లు, మానిటర్ల మీదే. ఇంటెల్, మైక్రోసాఫ్ట్ అదే ఏడాది ఓ విద్యుత్ నిర్వహణ పద్ధతిని తెచ్చాయి. అందులో పెత్తనమంతా మదర్‌బోర్డు మీదుండే బయోస్‌దే. తోషిబాతో కలిసి ఆ రెండు సంస్థలు 1996 డిసెంబరులో ఏసీపీఐ అనే కొత్త ప్రమాణాన్ని ప్రకటించాయి. దాంతో ఎవరు ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు లేవాలో నిర్ణయించే అధికారం ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వచ్చింది.

ఈ ప్రమాణం ప్రకారం నిద్రలో రకాలున్నాయి. మామూలు నిద్రలో మెమరీకి మాత్రమే కరెంటు అందుతుంది. ప్రాసెసర్, డిస్కు, నెట్‌వర్క్ కార్డు ఆగిపోతాయి. అందుకే లేవగానే తెర మీద పని ఎక్కడిదక్కడే కనిపిస్తుంది. గాఢనిద్ర లాంటి హైబర్నేషన్‌లో మెమరీలో ఉన్నదంతా డిస్కులో రాసిపెట్టి కరెంటును పూర్తిగా ఆపేస్తారు. ఇక 2012లో విండోస్ 8తో మొదలై తర్వాత ల్యాప్‌టాప్‌లలో బాగా వ్యాపించిన మూడో రకం, సెల్‌ఫోన్ తరహా కోడినిద్ర. తెర ఆరిపోయినా లోపల కొంత భాగం మెలకువగానే ఉంటుంది.

ఉక్కు పట్టణం వాళ్లకు ఈ వ్యవహారం కొత్తేమీ కాదు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను కొన్నాళ్లు ఆపాల్సి వస్తే దాన్ని చల్లారనివ్వరు. కోక్ ఎక్కువగా వేసి, వేడిగాలిని ఆపి, గాలి పోయే ట్వియర్లను మూసేసి లోపలి వేడిని కాపాడతారు. దీన్నే బ్యాంకింగ్ అంటారు. తిరిగి నడిపేటప్పుడు ట్వియర్లన్నిటినీ ఒక్కసారిగా తెరవరు. కొన్ని కొన్నిగా, వరస తప్పకుండా తెరుస్తారు. కంప్యూటర్ నిద్రా అంతే. మెమరీ అనే వేడిని కాపాడుకుంటూ మిగతావన్నీ మూసేస్తుంది. లేచేటప్పుడు ఒక్కో భాగాన్నీ వరసగా తట్టిలేపాలి. అందులో నెట్‌వర్క్ కార్డు అనే ఒక్క ట్వియరు తెరుచుకోకపోయినా బయటికి కనిపించే ఫలితం ఒకటే: యంత్రం నడుస్తుంది, పని జరగదు.

ఎందుకు తెరుచుకోదు? ఒక ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ చిప్పు ఒకరిది, మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్ ఇంకొకరిది, ఆపరేటింగ్ సిస్టమ్ మరొకరిది. చిప్పుకు, సిస్టమ్‌కు మధ్య దుబాసీలా పనిచేసే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ నాలుగోది. కార్డుకు కరెంటు తిరిగి వచ్చిన మరుక్షణం డ్రైవర్ దాన్ని మొదటి నుంచీ సిద్ధం చేయాలి. ఈ నలుగురిలో ఏ ఒక్కరి లెక్క తప్పినా కార్డు సగం నిద్రలోనే ఉండిపోతుంది. విండోస్ తనంతట తాను కొత్త డ్రైవర్ వేసుకున్న మర్నాటి నుంచే ఈ బెడద మొదలయ్యే సందర్భాలు తక్కువేమీ కాదు. లినక్స్‌లోనూ, మ్యాక్‌లోనూ ఇదే జబ్బు వేరే రూపాల్లో కనిపిస్తుంది.

తెగింది ఎక్కడ?

'నెట్ పోయింది' అనేది ఒక్క మాటే. దాని వెనక కనీసం నాలుగు వేర్వేరు కారణాలుండొచ్చు. ఏది తెగిందో తెలుసుకోకుండా చేసే ఏ చికిత్సయినా చీకట్లో బాణమే.

మొదటి ప్రశ్న: పోయింది ఇంటి నెట్టా, ఈ కంప్యూటర్ నెట్టా? అదే వైఫై మీద సెల్‌ఫోన్ పెట్టి, మొబైల్ డేటా ఆపి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. ఫోన్‌లోనూ రాకపోతే తప్పు రౌటర్‌దో, సర్వీసు ఇచ్చే సంస్థదో. కంప్యూటర్ జోలికే పోనక్కర్లేదు.

ఫోన్‌లో వస్తుంటే రెండో ప్రశ్న: కంప్యూటర్‌కు తన నెట్‌వర్క్ కార్డు కనిపిస్తోందా? డివైస్ మేనేజర్‌లో 'నెట్‌వర్క్ అడాప్టర్స్' కింద దాని పేరే లేకపోయినా, పసుపు రంగు గుర్తు పడినా కార్డు ఇంకా నిద్ర లేవలేదన్న మాట.

కార్డు కనిపిస్తుంటే మూడో ప్రశ్న: దానికి చిరునామా దొరికిందా? నెట్‌వర్క్‌లో ప్రతి యంత్రానికీ రౌటర్ ఒక ఐపీ చిరునామా ఇస్తుంది. ఇళ్లలో అది ఎక్కువగా 192.168తో మొదలవుతుంది. దాని బదులు 169.254తో మొదలయ్యే అంకె కనిపిస్తే, రౌటర్ నుంచి జవాబు రాక కంప్యూటర్ తనకు తానే ఓ ఉత్తుత్తి చిరునామా పెట్టుకుందని అర్థం. ఆ చిరునామాతో వీధి గుమ్మం కూడా దాటలేరు.

చిరునామా సరిగానే ఉన్నా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే నాలుగో ప్రశ్న: పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ తడబడిందా? పాత వీపీఎన్, ప్రాక్సీ లాంటివి నిద్రకు ముందున్న దారినే పట్టుకు వేలాడుతున్నాయా? ఆఫీసు పనికి వీపీఎన్ వాడే యువతకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే.

కరెంటు పోయి వచ్చాక

చిరునామా తగాదాలో ఓ తిరకాసు ఉంది. రౌటర్ ఇచ్చే చిరునామా శాశ్వతం కాదు, గడువున్న అద్దె. డీహెచ్‌సీపీ అనే ఈ ఏర్పాటుకు తొలి ప్రమాణం 1993లో వచ్చింది. సాధారణంగా గడువు సగం గడవగానే కంప్యూటర్ రౌటర్‌ను పలకరించి అద్దెను పొడిగించుకుంటుంది. నిద్రలో ఉన్న కంప్యూటర్ అలా పలకరించలేదు.

ఇక్కడ కరెంటు పాత్ర మొదలవుతుంది. మూత వేసిన ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద హాయిగా నిద్రపోతుంటుంది. ఈలోగా కరెంటు పోయి వస్తుంది. రౌటర్ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. ఎవరికి ఏ చిరునామా ఇచ్చిందో రాసుకున్న చిట్టాను చాలా చవక రౌటర్లు ఆరిపోగానే మరిచిపోతాయి. అంతకు ముందు ల్యాప్‌టాప్‌కు ఇచ్చిన చిరునామానే ఇంట్లో ఇంకో ఫోన్‌కు కట్టబెట్టవచ్చు. నిద్ర లేచిన ల్యాప్‌టాప్ తనది పాత ఇల్లే అనుకుని తాళం తీయబోతుంది. లోపల వేరే అద్దెదారు ఉంటాడు. కంప్యూటర్ కొత్త చిరునామా అడిగితే తగాదా తీరిపోతుంది. అలా అడిగించే ఆదేశాలే ఐపీకాన్ఫిగ్ రిలీజ్, రెన్యూ.

నెట్ సెంటర్లు, కోచింగ్ గదుల్లో తరచూ ఎదురయ్యేది మరో రకం. రౌటర్ దగ్గరుండే చిరునామాలకు పరిమితి ఉంటుంది. వచ్చిపోయే ఫోన్లన్నీ తలా ఒకటి పట్టుకుపోతే, నిద్ర లేచిన కంప్యూటర్‌కు మిగిలేది ఏమీ ఉండదు. అలాంటప్పుడు కంప్యూటర్‌ను ఎంత బాగుచేసినా దండగ. రౌటర్ సెట్టింగుల్లో అద్దె గడువు తగ్గించడమో, చిరునామాల సంఖ్య పెంచడమో చేయాలి.

ఫార్మాట్ జోలికి పోయేముందు

ఇంత చిన్న తగాదాకు చాలాచోట్ల దొరికే పరిష్కారం ఒకటే: 'ఫార్మాట్ కొట్టించేయండి'. విండోస్ మళ్లీ వేస్తే కొత్త డ్రైవర్ పడి కొన్నాళ్లు పనిచేయడం నిజమే. కానీ కొన్ని వందల రూపాయలతో పాటు ఇంకా ఏమేం పోతాయో చూసుకోవాలి. కుల ధ్రువీకరణ, నివాస ధ్రువీకరణ పత్రాల స్కాన్ కాపీలు, పిల్లల మార్కుల జాబితాలు, ఊళ్లో పోయిన అమ్మమ్మ ఫోటోలు చాలా ఇళ్లలో ఆ ఒక్క డిస్కులోనే ఉంటాయి. అది తుడిచిపెట్టుకుపోతే మళ్లీ తెచ్చుకోవడానికి శ్రీకాకుళం దాకా వెళ్లాల్సి రావొచ్చు. కొన్నింటికి వెళ్లినా దొరకవు.

'షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేశాం, అయినా రాలేదు' అనేది మరో సాధారణ ఫిర్యాదు. అది అబద్ధమేమీ కాదు. విండోస్ 8 నుంచి వచ్చిన 'ఫాస్ట్ స్టార్టప్' ఏర్పాటులో షట్‌డౌన్ నొక్కితే కంప్యూటర్ పూర్తిగా ఆగదు. సిస్టమ్‌లోని కీలక భాగాన్ని, డ్రైవర్లతో సహా, డిస్కులో దాచుకుని మర్నాడు దాన్నే తిరిగి తీసుకుంటుంది. డ్రైవర్‌లోని చిక్కు కూడా దాంతోపాటే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. 'రీస్టార్ట్' నొక్కితే మాత్రం అంతా మొదటి నుంచీ మొదలవుతుంది. వినడానికి తలకిందులుగా ఉన్నా, ఈ విషయంలో షట్‌డౌన్ కంటే రీస్టార్టే గట్టి మందు.

పాత యంత్రాలకు ఇంకో చిక్కు వచ్చిపడింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కావలసిన టీపీఎం 2.0 లాంటి హంగులు చాలా పాత ల్యాప్‌టాప్‌లలో లేవు. అలాంటి వాటికి తయారీదారులు కొత్త డ్రైవర్లు రాయడం ఎప్పుడో మానేసి ఉంటారు. ఈ సందులోనే 'మీ డ్రైవర్లన్నీ ఉచితంగా బాగుచేస్తాం' అనే సాఫ్ట్‌వేర్లు, 'మీ కంప్యూటర్ మాకు అప్పగించండి, ఇక్కడి నుంచే సరిచేస్తాం' అనే ఫోన్ గొంతులు చొరబడతాయి. డ్రైవర్ కావాలంటే ల్యాప్‌టాప్ తయారుచేసిన సంస్థ సొంత సైటు నుంచే, మోడల్ నంబరు చూసి, వేరే యంత్రంలో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం క్షేమం.

డబ్బు కట్టే చోట

అన్నిటికంటే ప్రమాదం ఫీజు కట్టే పేజీ మీద నిద్ర పట్టినప్పుడే. లేచిన కంప్యూటర్‌లో ఆ పేజీ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. కానీ అది నిద్రకు ముందు తీసిన ఫోటో లాంటిది. అవతలి సర్వర్ ఈలోగా గడువు దాటిందని ఆ లావాదేవీని మూసేసి ఉండొచ్చు. డబ్బు కోత పడి, రసీదు రాని చిక్కు ఇక్కడే పుడుతుంది. నెట్ తిరిగి రాగానే కంగారుగా రెండోసారి కట్టకుండా, ముందు బ్యాంకు ఖాతాలో డబ్బు పోయిందో లేదో, దరఖాస్తు సైటులో చెల్లింపు స్థితి ఏముందో చూసుకోవాలి. నింపిన వివరాలను మధ్యమధ్య 'సేవ్ డ్రాఫ్ట్' చేసుకునే వీలుంటే వదులుకోకూడదు.

పెన్షనర్లదీ ఇలాంటి తంటాయే. డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ కోసం జీవన్ ప్రమాణ్ పథకం 2014 నవంబరు 10న మొదలైంది. నవంబరు వస్తే వేలిముద్ర యంత్రాల ముందు వరసలు మామూలే. యూఎస్‌బీ తీగతో తగిలించే ఆ యంత్రానికీ, యూఎస్‌బీ వైఫై డాంగిల్‌కూ పట్టేది ఒకే జబ్బు. ఖాళీగా ఉన్న యూఎస్‌బీ పరికరానికి విండోస్ విద్యుత్ పొదుపు పేరుతో కునుకు పట్టిస్తుంది, మళ్లీ లేపలేకపోతుంది. తీగ ఊడదీసి మరో రంధ్రంలో పెడితే చాలాసార్లు దారికొస్తుంది. ఫోన్‌లో ముఖం చూపించి సర్టిఫికెట్ ఇచ్చే వీలు 2021 నవంబరు నుంచి ఉంది. ఈపీఎస్-95 పెన్షనర్లు నవంబరు దాకా ఆగనక్కర్లేదు కూడా. ఏడాదిలో ఎప్పుడు ఇచ్చినా ఆ రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. ఇది తెలియక పెద్దవాళ్లు గంటల తరబడి నిలబడటం మాత్రం నివారించదగిన బాధ.

అసలు నిద్రే మాన్పించేస్తే? అదీ ఓ దారే, కానీ ఊరికే రాదు. ఖాళీగా వెలిగే డెస్క్‌టాప్ 60 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రోజుకు 12 గంటల చొప్పున నెలకు దాదాపు 22 యూనిట్లు. నిద్రలో అది తీసుకునేది కొద్ది వాట్లే. దరఖాస్తు నింపే రోజు, పరీక్ష రాసే రోజు నిద్ర ఆపేసి, మిగతా రోజుల్లో పడుకోనివ్వడమే మధ్యేమార్గం.

ఇలా వరసగా ప్రయత్నించండి

1. అదే వైఫై మీద ఫోన్ పనిచేస్తోందో లేదో చూడండి. లేకపోతే రౌటర్‌ను అర నిమిషం ఆపి మళ్లీ వెలిగించండి.

2. కంప్యూటర్‌లో ఏరోప్లేన్ మోడ్ ఒకసారి వేసి తీయండి. వైఫైని ఆపి మళ్లీ వేయండి. చాలా తగాదాలు ఇక్కడే తీరిపోతాయి.

3. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్, తర్వాత ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ ఆదేశాలివ్వండి. సైట్ల పేర్లే తెరుచుకోకపోతే ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్ ఇవ్వండి.

4. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డును 'డిజేబుల్' చేసి, మళ్లీ 'ఎనేబుల్' చేయండి. ఫలితం లేకపోతే షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ చేయండి.

5. కార్డు పేరే కనిపించకపోతే కంప్యూటర్ ఆపి, ఛార్జర్ తీసి, వీలైతే బ్యాటరీ కూడా తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కిపట్టి, తర్వాత వెలిగించండి.

6. మళ్లీ మళ్లీ వస్తుంటే: కార్డు 'ప్రాపర్టీస్'లో 'పవర్ మేనేజ్‌మెంట్' కింద, పొదుపు కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కు అనుమతినిచ్చే గడిలో టిక్కు తీసేయండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి ఈ గడి కనిపించదు. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపి చూడండి.

7. ఈ మధ్య అప్‌డేట్ అయ్యాకే మొదలైతే 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కి పాతదానికి వెళ్లండి. లేకపోతే తయారీదారు సైటులోని కొత్త డ్రైవర్ వేయండి.

8. చివరి అస్త్రం సెట్టింగ్స్‌లోని 'నెట్‌వర్క్ రీసెట్'. ఇది మీ ఫైళ్ల జోలికి పోదు కానీ దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లను, వీపీఎన్ అమరికలను చెరిపేస్తుంది. ముందే రాసిపెట్టుకోండి.

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే కార్డే చెడిపోయి ఉండొచ్చు. అప్పుడు కూడా యూఎస్‌బీ వైఫై డాంగిల్ ఒకటి తగిలిస్తే పని నడుస్తుంది. అంత తీరిక లేని ఆఖరి గంటలో ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో తగిలించి 'టెథరింగ్' వేస్తే కంప్యూటర్ సొంత కార్డుతో పనే ఉండదు.

ఇందులో ఏదీ ఇంజనీరింగ్ చదివితే తప్ప అర్థం కానిది కాదు. అడ్డొచ్చేది ఎక్కువగా భాషే. 'నో ఇంటర్నెట్, సెక్యూర్డ్' అని తెర మీద కనిపిస్తే, చాలాసార్లు దానర్థం రౌటర్ దాకా దారి ఉంది, ఆ పైన తెగింది అని. 'అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్' అంటే ఎక్కువసార్లు చిరునామా కుదరలేదని. ఈ రెండు ముక్కలనూ ఇంటి భాషలో చెప్పేవాళ్లు లేకే తాతలు కంప్యూటర్‌ను చంకన పెట్టుకుని షాపుకు నడుస్తున్నారు. సిస్టమ్ రాసేవాళ్లు, చిప్పులు చేసేవాళ్లు నిద్ర లేపే పద్ధతిని ఎప్పటికి పూర్తిగా చక్కబెడతారో గానీ, తెగింది ఎక్కడో తెలుసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలకు కాణీ ఖర్చు కాదు.